కొత్త కప్‌కేక్ షాపు: క్రీమ్ పక్కకు తీసి కేకు తినండి

ప్రశ్న: విజయవాడలో మా ఇంటి దగ్గర కొత్తగా కప్‌కేక్‌ల షాపు తెరిచారు. మే నెలలో పాప పుట్టినరోజు. సాయంత్రం డాబా మీద చేస్తాం, నలభై మంది వస్తారు. ఇంట్లో గుడ్డు ముట్టని పెద్దవాళ్ళున్నారు. ఆర్డర్ ఇచ్చే ముందు ఏవి కొని చూడాలి? బాగున్నాయో లేదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

మొదటిసారి వెళ్ళినప్పుడు నాలుగే కొనండి. గుడ్డుతో చేసిన మామూలు వనిల్లా ఒకటి, అదే వనిల్లా ఎగ్‌లెస్‌లో ఒకటి, చాక్లెట్ ఒకటి, రెడ్ వెల్వెట్ ఒకటి. బిస్కాఫ్, ఫెరెరో, రసమలాయ్ లాంటివి కౌంటర్లో ఎంత ఊరించినా ఆ రోజుకి వదిలేయండి. వాటి మీద పోసే సాస్, నట్స్, తునకల కింద కేకు ఎలా ఉన్నా నాలుకకు దొరకదు. వనిల్లాకు ఆ చాటు ఉండదు. అందులో వెన్న తగ్గినా, సోడా ఎక్కువైనా, ఓవెన్లో ఐదు నిమిషాలు ఎక్కువ ఉన్నా వెంటనే బయటపడుతుంది. వనిల్లా బాగా చేసేవాళ్ళు మిగతావి చెడగొట్టడం అరుదు. రసమలాయ్ కప్‌కేక్ అదిరిపోయిన షాపులో వనిల్లా రబ్బరులా ఉండటం మాత్రం మామూలే.

తెరిచిన మొదటి వారంలో మాత్రం తీర్పు చెప్పకండి. ఆఫర్ల రద్దీ ఒక కారణమైతే, ఓవెన్ ఇంకోటి. కొత్త ఓవెన్లో డయల్ 180 డిగ్రీల దగ్గర పెడితే లోపల 165 ఉండొచ్చు, 195 ఉండొచ్చు. ఏ మూల ఎక్కువ కాలుతుందో తెలియడానికి బేకర్‌కి కొన్ని పదుల ట్రేలు పడుతుంది. కిలో కేకైతే ఐదు నిమిషాల తేడాని ఓర్చుకుంటుంది. కప్‌కేక్ మొత్తం కాలేదే 18 నుంచి 20 నిమిషాలు, కాబట్టి అందులో మూడు నిమిషాలు దాటితే అంచులు బిస్కెట్టవుతాయి. రెండు మూడు వారాలు ఆగి, రెండుసార్లు వెళ్ళండి. ఒకసారి వారం మధ్యలో మధ్యాహ్నం 12 లోపు, ఇంకోసారి ఆదివారం రాత్రి 8 దాటాక. పొద్దున బాగుండి రాత్రి ఎండిపోయి ఉంటే చేయి మంచిదే, నిల్వ బాగాలేదని అర్థం. రెండు పూటలా బాగాలేకపోతే ఇక ఆలోచించేదేం లేదు.

కొనే ముందు గాజు కౌంటర్ వైపు ఒక నిమిషం చూడండి. ఒకే ట్రేలోవి అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా? పేపర్ కప్పులో పిండి మూడింట రెండు వంతులు పోస్తే, కాలాక కేకు అంచు దాకా వచ్చి మధ్యలో కొద్దిగా ఉబ్బుతుంది. ఎక్కువ పోస్తే అంచు దాటి పుట్టగొడుగులా పక్కకు పొంగుతుంది. తక్కువ పోస్తే కేకు కప్పు లోపలే కూర్చుంటుంది, ఆ ఖాళీని క్రీమ్‌తో నింపుతారు. పైనుంచి చూస్తే నిండుగానే ఉంటుంది, ఇంటికెళ్ళి పేపర్ ఒలిస్తేగానీ తెలియదు. అందుకే పక్క నుంచి చూడండి: పేపర్ లోపలి నుంచి కేకు రంగు ఎంత ఎత్తు దాకా కనబడుతోందో అదే అసలు కేకు.

పేపర్ కేకుని వదిలేసి విచ్చుకున్న రేకుల్లా నిలబడితే, వేడి చల్లారకముందే డబ్బాలో మూత పెట్టారని అనుమానించండి. ఆవిరి బయటకి పోలేక పేపర్‌కీ కేకుకీ మధ్య తడి చేరుతుంది. క్రీమ్ మీద చెమట పట్టినట్టు నీటి బొట్లుంటే ఫ్రిజ్ లోంచి బయటకి, మళ్ళీ లోపలికి తిరిగిందన్నమాట. క్రీమ్ అంచుల్లో సన్నని పగుళ్ళు, పైన పొరలా గట్టిపడటం కనిపిస్తే నిన్నటిదో మొన్నటిదో.

"ఎప్పుడు చేశారు?" అని తప్పకుండా అడగండి. "అన్నీ ఫ్రెష్షే మేడమ్" అన్నది జవాబు కాదు. "పొద్దున తొమ్మిదికి కాల్చాం, పదకొండుకి క్రీమ్ పెట్టాం" అన్నది జవాబు. కొందరు "కేకు నిన్న రాత్రిది, క్రీమ్ ఈరోజుది" అని నిజం చెప్పేస్తారు. అందులో తప్పేం లేదు. వెన్నతో చేసిన కేకు మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఒక రాత్రి ఉంటే తేమ అంతటా సర్దుకుని ఇంకా మెత్తబడుతుంది. దాచకుండా చెప్పారు కాబట్టి ఆ షాపుని ఇంకాస్త నమ్మొచ్చు.

గోడ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉండాలి. పద్నాలుగు అంకెలుంటాయి. మొదటి అంకె 2 అయితే రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారం. 1 అయితే లైసెన్సు. రెండూ చెల్లుతాయి. 2022 జనవరి నుంచి ఆ నంబరు బిల్లు మీద కూడా వేయాలి. ఇంట్లో చేసి వాట్సాప్‌లో అమ్మేవాళ్ళకీ రిజిస్ట్రేషన్ తప్పదు. జీఎస్‌టీ వేస్తుంటే అదీ చూసుకోండి: 2025 సెప్టెంబరు 22 నుంచి కేకులూ పేస్ట్రీల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. పాత రేటే బిల్లింగ్ మెషీన్లో ఉండిపోయిందేమో ఒకసారి చూస్తే పోయేదేం లేదు.

ఇంటికి తెచ్చాక వెంటనే తినకండి. ఫ్రిజ్ లోంచి వచ్చిన కప్‌కేక్‌లో వెన్న గడ్డకట్టి ఉంటుంది, ముక్క పొడిగా, గట్టిగా అనిపిస్తుంది. చల్లదనానికి తీపి, వాసన రెండూ తగ్గుతాయి. ఏసీ గదిలో ఇరవై, ముప్పై నిమిషాలు బయట పెట్టండి. ఏసీ లేకపోతే మే నెలలో పదిహేను చాలు. నూనెతో చేసిన కేకైతే చల్లగా ఉన్నప్పుడూ మెత్తగానే ఉంటుంది. కాబట్టి ఫ్రిజ్ నుంచి తీయగానే వేలితో నొక్కి ఒకసారి, అరగంట తర్వాత ఇంకోసారి నొక్కితే వెన్నా, నూనెనా అన్నది మీకే తెలిసిపోతుంది. రెంటిలో ఏదీ తక్కువది కాదు. చాక్లెట్‌లో నూనె బాగుంటుంది, వనిల్లాలో మాత్రం వెన్న వాసన లేకపోతే వెలితే.

తర్వాత పేపర్ ఒలిచి, కత్తితో పైనుంచి కిందికి నిలువునా రెండు చెక్కలు చేయండి. కోసిన ముఖం చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

కింది భాగంలో అర అంగుళం మేర ముదురు రంగులో జిగురు పట్టీలా ఉంటే సరిగా కాలలేదు, లేదా పిండిలో తడి ఎక్కువైంది. నిలువుగా పురుగు తొలిచినట్టు పొడవాటి సొరంగాలుంటే మైదా వేశాక ఎక్కువసేపు బీటర్ తిప్పారు. పిండిలో గ్లూటెన్ (మైదాలోని సాగే పదార్థం) బిగిసి, గాలి పైకి తోసుకుపోయిన దారులవి. క్రీమ్ కింద గుంట పడి ఉంటే బేకింగ్ పౌడర్ ఎక్కువై పొంగి కూలింది, కాదంటే మధ్య కాలకముందే ఓవెన్ తలుపు తీశారు. లోపలి గాలి గదులన్నీ చిన్నగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉండి, ముక్క తుంచితే పొడిపొడిగా రాలకుండా మెత్తగా విడిపోతే అది మంచి బటర్ కేకు.

ఇంకో రకం ఉంది. గదులు అచ్చు గుద్దినట్టు ఒకే సైజులో, చాలా సన్నగా ఉంటాయి, నొక్కితే స్పాంజిలా వెంటనే లేస్తుంది, నమిలితే అంగిలికి అతుక్కుంటుంది. అది ప్రీమిక్స్ (ప్యాకెట్లో వచ్చే రెడీమేడ్ కేకు పొడి) లేదా కేక్ జెల్ (పిండి బాగా పొంగడానికి కలిపేది)‌తో చేసిన స్పాంజి. మన బేకరీల్లో కూల్ కేక్ అడుగున ఉండేది అదే. తింటే హాని లేదు, కూల్ కేక్‌కి అది సరిపోతుంది కూడా, ఎందుకంటే అక్కడ దాని మీద పంచదార పాకం చిలకరించి తడుపుతారు. కానీ కప్‌కేక్ అంటే పుట్టుకతోనే వెన్న కేకు. అమెరికాలో 1828 నాటి వంట పుస్తకంలోనే ఆ పేరుంది. కప్పుతో కొలవడం వల్ల ఒకరు, కప్పులో కాల్చడం వల్ల ఇంకొకరు ఆ పేరొచ్చిందంటారు. కప్పు వెన్న, రెండు కప్పుల పంచదార, మూడు కప్పుల మైదా, నాలుగు గుడ్లు అన్న పాత లెక్క ఆ కుటుంబానిదే. మన ఊళ్ళలో టీ బడ్డీ మీద సీసాలో, మడతల తెల్ల కాగితంలో ఉండే క్రీమ్ లేని కప్పు కేకు కూడా దానికి దూరపు చుట్టమే. కప్‌కేక్ ధర తీసుకుని కూల్ కేక్ స్పాంజి ఇవ్వడం మాత్రం నా లెక్కలో తేడా వ్యాపారం.

పాకం సంగతి వచ్చింది కాబట్టి: కప్‌కేక్ పై భాగం తడిగా, వేలికి జిగురుగా ఉండి, అడుగు మాత్రం పొడిగా ఉంటే ఎండిన కేకుకి పాకం పూసి నిలబెట్టారన్నమాట.

ఇప్పుడు క్రీమ్. ముందు కేకు ఒక్కటే తినండి, తర్వాత క్రీమ్ ఒక్కటే ఒక చెంచా నాలుక మీద పెట్టి నమలకుండా వదిలేయండి. పాలలా తెల్లగా, గాలిలా తేలిగ్గా ఉండి, మింగాక అంగిలి మీద మైనంలా పొర మిగిలితే అది నాన్‌డైరీ విప్ టాపింగ్. పేరుకి క్రీమే గానీ తయారయ్యేది ఎక్కువగా పామ్ కెర్నల్ నూనెతో. మన దగ్గర చాలా షాపుల్లో వాడేది ఇదే. చవక, డిజైన్ బాగా నిలుస్తుంది, తీపి తక్కువ. కొద్దిగా పసుపు ఛాయ ఉన్న తెలుపు, నాలుక వేడికి పూర్తిగా కరిగి, వెన్న రుచి మిగిలితే బటర్‌క్రీమ్. బటర్‌క్రీమ్‌లో ఇసుకలా గరగర తగిలితే మామూలు పంచదారని మిక్సీలో కొట్టి వాడారు, లేదా కొట్టిన పొడి జల్లించలేదు. ఒక వంతు వెన్నకి రెండు వంతుల ఐసింగ్ షుగర్ అన్నది మామూలు కొలత. అంత తీపి మనవాళ్ళలో చాలామందికి మింగుడు పడదు. గుడ్డు తెల్లసొనని పంచదారతో కలిపి వేడినీటి మీద 70 డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, గిలక్కొట్టి, వెన్న కలిపే స్విస్ పద్ధతిలో తీపి బాగా తగ్గుతుంది. కానీ అందులో గుడ్డుంది! కేకు ఎగ్‌లెస్ అయినా పైన క్రీమ్‌లో గుడ్డుండొచ్చు. పెద్దవాళ్ళకోసం తీసుకునేటప్పుడు ఈ ప్రశ్న విడిగా అడగండి: "క్రీమ్‌లో గుడ్డు ఉందా?"

మీ అసలు సమస్య ఎండ. మే నెలలో విజయవాడలో సాయంత్రం ఆరింటికి డాబా మీద, పొద్దంతా కాగిన స్లాబు మీద, కప్‌కేక్ పెట్టడం అంటే వెన్నకి పరీక్ష పెట్టడమే. వెన్న 28 డిగ్రీల దగ్గరే బాగా మెత్తబడుతుంది, 32 నుంచి 35 మధ్య కరిగిపోతుంది. పూర్తి వెన్నతో చేసిన క్రీమ్ గులాబీ డిజైన్లు ఆ వేడిలో పదిహేను, ఇరవై నిమిషాల్లో వంగిపోతాయి. విప్ టాపింగ్ ఇంకాస్త తాళుతుంది గానీ, గంట గడిస్తే అదీ గాలి వదిలి నీరు కారుతుంది. నిజమైన పాల క్రీమ్ గిలక్కొట్టినదైతే డాబా మీదకి తీసుకెళ్ళనే కూడదు. క్రీమ్ చీజ్ కూడా అంతే: 32 డిగ్రీలు దాటిన వేడిలో పాల పదార్థాలున్న క్రీమ్‌ని గంటకి మించి బయట ఉంచి పిల్లలకి పెట్టకండి.

మీరు చేయాల్సిన అసలు పరీక్ష ఇది. కొన్న నాలుగింటిలో ఒకదాన్ని తినకుండా ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ఆరింటికి ప్లేటులో డాబా మీద ఉంచి గడియారం చూడండి. పదిహేను, ముప్పై, నలభై ఐదు నిమిషాలకి ఫోటో తీయండి. ఎన్ని నిమిషాలకి అంచులు మెరుస్తూ జారడం మొదలైందో అదే మీ పార్టీకి ఉన్న గడువు. ఇది డిసెంబరులో చేసి మే నెలకి లెక్కేసుకుంటే పనికిరాదు, ఏప్రిల్లో చేయండి.

షాపువాళ్ళతో ఎండ సంగతి చెప్తే మంచివాళ్ళు మూడు దారులు చూపిస్తారు. మొదటిది, వెన్నలో సగం తీసి షార్టెనింగ్ (వనస్పతి లాంటి గట్టి కొవ్వు) వేయడం. దాన్ని కల్తీ అనుకోకండి. చెప్పి చేస్తే అది ఎండకాలపు సర్దుబాటు. రుచి కొంచెం తగ్గుతుంది, నోట్లో కాస్త జిడ్డు మిగులుతుంది, నిలబడటం మాత్రం బాగా పెరుగుతుంది. వనస్పతి అనగానే ట్రాన్స్ ఫ్యాట్ భయం ఉంటుంది. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఆ బెంగ మునుపటంత అక్కర్లేదు. గట్టి కొవ్వు గట్టి కొవ్వే, రోజూ తినేది కాదు కదా. రెండోది, ఎత్తైన క్రీమ్ మాని పైన పలచగా చాక్లెట్ గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపి కరిగించిన పూత) పూయడం. అది మెత్తబడినా జారడానికి ఎత్తుండదు, చూడ్డానికి మెరుస్తూ బాగానే ఉంటుంది. మీ సందర్భానికి నేను ఓటేసేది దీనికే. మూడోది, క్రీమ్ గోపురం ఉంచుకుని, కేకు కోసే ఐదు నిమిషాల ముందు మాత్రమే కింద ఫ్రిజ్ నుంచి పైకి తేవడం. ఇంట్లో చేయి సాయానికి ఇద్దరుంటేనే ఇది కుదురుతుంది.

"ఏం కాదండీ, మా క్రీమ్ కరగదు" అని ఎవరైనా భరోసా ఇస్తే ఆ క్రీమ్‌లో వెన్న లేదన్నమాట. అంతే.

చాక్లెట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రంగు నల్లగా ఉన్నంత మాత్రాన కోకో ఎక్కువున్నట్టు కాదు. తిన్నాక గొంతులో కొద్దిగా చేదు మిగలాలి. తీపి తప్ప ఏం లేకపోతే కోకో తక్కువ. పైన గనాష్ అన్నప్పుడు కాంపౌండా, కోకో బటర్ ఉన్న అసలు చాక్లెట్టా అని అడగండి. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే కొవ్వుంటుంది. ఎండకి అదే తట్టుకుంటుంది, రుచిలో అదే వెనకబడుతుంది.

రెడ్ వెల్వెట్ కొనమన్నది వేరే కారణానికి. ఎరుపు వేసిన వనిల్లాని రెడ్ వెల్వెట్ అని అమ్మడం చాలా సులువు. అసలుదాంట్లో కొద్దిగా కోకో, మజ్జిగ, కాస్త వెనిగర్, సోడా ఉంటాయి. తింటే తీపి వెనక సన్నని పులుపు, కోకో జాడ తెలియాలి. పైన క్రీమ్ చీజ్ అన్నారంటే అందులోనూ ఉప్పు, పులుపు తగలాలి. పులుపే లేకపోతే ఎసెన్సు కలిపిన విప్ టాపింగ్. నాలుకా పెదాలూ ఎర్రబడితే రంగు దట్టించారు, పిల్లల పార్టీకి ఆ రకం వద్దు.

ఎగ్‌లెస్ విషయంలో కాస్త ఎక్కువ పట్టింపు అవసరం. గుడ్డు చేసే పనులు రెండు: పిండిని పట్టి ఉంచడం, గాలిని నిలపడం. దాని బదులు సాధారణంగా పెరుగు, వంటసోడా కలుపుతారు, లేదా కండెన్స్‌డ్ మిల్క్ వాడతారు. కప్పు మైదాకి, అంటే సుమారు 125 గ్రాములకి, పావు చెంచా సోడా చాలు. పొంగాలని అర చెంచా వేస్తే సబ్బు రుచి వస్తుంది, రంగు ముదురుతుంది, తిన్నాక నాలుక మీద చిరచిర. పెరుగు తగిలిన క్షణం నుంచే సోడా గాలి వదలడం మొదలవుతుంది. పిండి కలిపి ఓవెన్ ఖాళీ లేక అరగంట పక్కన పెడితే ఆ గాలంతా పోయి, కేకు అడుగున ఇందాక చెప్పిన జిగురు పట్టీ పడుతుంది. ఆదివారం సాయంత్రం ఎగ్‌లెస్ బాగాలేదంటే చాలాసార్లు కారణం ఇదే, రెసిపీ కాదు. కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసినవి మెత్తగా ఉంటాయి గానీ తీపి ఎక్కువ, బరువు ఎక్కువ. దాని మీద తీపి బటర్‌క్రీమ్ పెడితే సగం దాకా తిని వదిలేస్తారు. అలాంటి వాటికి గనాషే మేలు. గుడ్డువాటిలో మాత్రం ఇంకోటి చూడండి: చల్లారాక నీచు వాసన వస్తే వనిల్లా సరిపోలేదు, లేదా కేకు లోపల పచ్చిగా ఉంది.

గుడ్డు ముట్టనివాళ్ళలో రెండు రకాలుంటారు. కేకులో గుడ్డు లేకపోతే చాలనేవాళ్ళు, గుడ్డు తగిలిన గిన్నె కూడా కూడదనేవాళ్ళు. మీ పెద్దవాళ్ళు రెండో రకమైతే "ఎగ్‌లెస్ ఉందా" అని అడిగితే సరిపోదు. బీటర్లు, గిన్నెలు వేరేనా, ఒకే ఓవెన్లో ఒకేసారి కాలుస్తారా అని అడగండి. పేపర్ కప్పు ఉండటం వల్ల ట్రే తగలదు, చిక్కంతా బీటర్ దగ్గరే. కార్తీక మాసంలోనూ, శనివారాలూ ఎగ్‌లెస్ అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి బాధ్యతగల షాపులు వాటికి గిన్నెలు విడిగానే పెట్టుకుంటాయి. డబ్బా మీద గుర్తు కూడా చూడండి: శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, గుడ్డున్నవాటికి గోధుమరంగు చతురస్రంలో త్రికోణం. పాత గోధుమ చుక్క స్థానంలోనే ఈ త్రికోణం వచ్చింది.

ధర చూసేటప్పుడు ఒక్కోటి ఎంత అని కాదు, బరువు చూడండి. వంటింటి తూకంలో మొత్తం ఒకసారి, క్రీమ్ తీసేశాక ఒకసారి తూచండి. మామూలు సైజులో కేకు 45 నుంచి 55 గ్రాములు, క్రీమ్ 25 నుంచి 35 గ్రాములు ఉంటే లెక్క సరిగ్గా ఉన్నట్టు. క్రీమ్ కేకుతో సమానమైతే ఎక్కువే. ఉదాహరణకి ఒక్కోటి 80 రూపాయలు, బరువు 70 గ్రాములైతే కిలో 1,140 దాటింది. అదే షాపులో కిలో కేకు 800 ఉంటే, ఆ తేడా విడివిడిగా కాల్చి, క్రీమ్ పెట్టి, డబ్బాలో సర్దిన చాకిరీకి. బటర్ కేకూ నిజమైన బటర్‌క్రీమూ ఉంటే ఆ తేడా ఇవ్వొచ్చు. జెల్ స్పాంజి మీద విప్ టాపింగ్‌కైతే ఇవ్వక్కర్లేదు, కోసుకునే కేకే తెచ్చుకోండి.

రెండు విడతల రుచీ నచ్చితే నేరుగా నలభైకి అడ్వాన్సు ఇచ్చేయకండి. పార్టీకి వారం పది రోజుల ముందు ఆరు ఆర్డర్ ఇవ్వండి, మీకు ఏ రకం, ఏ క్రీమ్, ఏ ఎత్తు కావాలో సరిగ్గా అలాగే. ఆరు బాగా చేసినవాళ్ళు ఒకేసారి నాలుగు ట్రేలు కాల్చేటప్పుడూ అలాగే చేస్తారన్న హామీ లేదు గానీ, ఆరే బాగా చేయలేకపోతే ఆ ప్రశ్నే రాదు. నలభై మందికి నలభై ఐదు చెప్పండి. ఒకటో రెండో పిల్లలు కింద పడేస్తారు, రెండు మూడు దారిలో వాలిపోతాయి.

ఆర్డర్ ఫోన్లో నోటిమాటగా కాక వాట్సాప్‌లో రాసి పంపి, "సరే" అని జవాబు తెప్పించుకోండి. అందులో ఉండాల్సినవి: మొత్తం ఎన్ని, వాటిలో ఎగ్‌లెస్ ఎన్ని, ఎగ్‌లెస్ వాటికి వేరే రంగు పేపర్ కప్పు (ఇది మరిచిపోతే పార్టీలో ఏది ఏదో తెలియక పెద్దవాళ్ళు అసలు ముట్టుకోరు), క్రీమ్ దేనితో, క్రీమ్‌లో గుడ్డు లేదని, ఎన్నింటికి అందాలి, డబ్బాలో గుంటల అట్ట ఉంటుందా లేదా. గుంటల అట్ట లేని డబ్బాలో కప్‌కేక్ పంపితే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి.

తేవడానికి బండి వద్దు. డబ్బా హ్యాండిల్‌కి తగిలించినా, ముందు కాళ్ళ దగ్గర పెట్టినా, ఎండా కుదుపూ రెండూ తగులుతాయి. డెలివరీ యాప్ కుర్రాడి సంచిలో డబ్బా నిలువుగా వెళ్ళే అవకాశమే ఎక్కువ. కారైతే డిక్కీలో కాదు, అక్కడ ఏసీ అందదు, ఓవెన్ అయిపోతుంది. ముందు సీటు కింద కాళ్ళు పెట్టుకునే చోటు చదునుగా, చల్లగా ఉంటుంది, అక్కడ పెట్టండి. ఆటో అయితే ఒడిలో కాక సీటు మీద పెట్టి చేత్తో పట్టుకోండి. ఒడి వంపుకి డబ్బా అడుగు వంగుతుంది.

ఫ్రిజ్ లెక్క ముందే వేసుకోండి. పన్నెండు పట్టే డబ్బా సుమారు 13 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉంటుంది. నలభై ఐదుకి అలాంటివి నాలుగు. పార్టీ రోజు పాలు, పెరుగు, కూల్‌డ్రింకులతో నిండిన ఫ్రిజ్‌లో నాలుగు డబ్బాలు పట్టవు. అందుకే సాయంత్రం ఐదున్నర దాకా షాపు కౌంటర్లోనే ఉంచమని అడగండి, లేదా పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో రెండు అరలు మాట్లాడుకోండి. వెన్న చుట్టూ ఉన్న వాసనంతా పీల్చుకుంటుంది. కోసిన ఉల్లిపాయలో, రాత్రి చేపల పులుసో అదే ఫ్రిజ్‌లో ఉంటే డబ్బాని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడివేయండి. బయటకి తీశాక డబ్బా మూత వెంటనే తీయకండి. పది నిమిషాలు మూసే ఉంచితే తడి డబ్బా మీద పడుతుంది. తీసేస్తే క్రీమ్ మీద పడి రంగు చుక్కలు కారతాయి. కృష్ణ పక్కనే ఉన్న ఊరు, గాలిలో తేమ ఎక్కువ, కాబట్టి ఫాండెంట్ (పంచదార ముద్ద) బొమ్మలు, రంగు స్ప్రింకిల్స్ ఆఖర్లో పెట్టుకునేలా విడిగా ఇమ్మనండి. ముందే అద్దితే జిగటగా అయి రంగు వదులుతాయి.

ట్రయల్ ఆరింటిలో ఏదో నచ్చకపోతే ఏది సరిదిద్దగలిగేదో ఏది కాదో తేడా తెలుసుకుని చెప్పండి. తీపి తగ్గించమనడం, క్రీమ్ తక్కువ పెట్టమనడం, రెండు నిమిషాలు ముందే దించమనడం, పేపర్ మార్చమనడం ఇవన్నీ మాటతో అయ్యే పనులు, మంచి షాపు సంతోషంగా చేస్తుంది. జెల్ స్పాంజిని బటర్ కేకుగా మార్చమంటే ఒక్క మీ ఆర్డర్ కోసం మార్చరు, మార్చినా అది వాళ్ళ చేయి తిరిగిన పని కాదు. అలాంటప్పుడు మరో షాపు చూసుకోవడం మేలు.

మిగిలిపోయినవాటి గురించి: క్రీమ్ ఉన్నవి గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచొచ్చు. డాబా మీద గంట దాటి ఉన్నవాటిని మాత్రం మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టకండి. క్రీమ్ లేనివి మే నెలలో బయట ఒక్క రోజే. వాటిని ఒక్కొక్కటిగా ప్లాస్టిక్ కవర్లో బిగించి చుట్టి ఫ్రీజర్లో పెడితే నెల దాకా ఉంటాయి. తినాలనుకున్నప్పుడు చుట్టినది విప్పకుండానే గంటసేపు బయట పెట్టండి, లేకపోతే పైభాగం తడిసి ముద్దవుతుంది.